సన్న కాయిల్స్‌కి సొంత తయారీ పద్ధతి కనిపెట్టడం: మెషీన్ కొనేముందు చూడాల్సినవి

ప్రశ్న క్లుప్తంగా ఇదీ: గాజువాక ఆటోనగర్‌లో చిన్న వర్క్‌షాపు, మెకానికల్ డిప్లొమా. సెన్సార్లు చేసే ఒక కంపెనీ 0.05 మిల్లీమీటర్ల ఎనామెల్ వైరుతో (పైన సన్నటి ఇన్సులేషన్ పూత ఉన్న రాగి వైరు) చిటికెన వేలి గోరంత కాయిల్స్ చుట్టి ఇవ్వమంటోంది. నిరోధం అటూ ఇటూ 3 శాతం దాటకూడదట. విదేశీ వైండింగ్ మెషీన్ కొనే స్తోమత లేదు. సొంతంగా ఒక పద్ధతి కనిపెట్టడం మనలాంటివాళ్ళకి సాధ్యమేనా, ఎక్కడ మొదలుపెట్టాలి, పేటెంట్ వస్తుందా అని అడిగారు.

సాధ్యమే. అయితే మెషీన్ డ్రాయింగుతో మొదలుపెట్టకండి. ఒక కాయిల్‌కీ ఇంకో కాయిల్‌కీ తేడా ఎక్కడ పుడుతోందో పట్టుకోవడంతో మొదలుపెట్టండి. ఆ తేడా పుట్టే చోటు తెలిస్తే పద్ధతి దాదాపు అక్కడే దొరుకుతుంది. అది తెలియకుండా ఎంత ఖరీదైన మెషీన్ తెచ్చినా, అదే తేడా ఇంకాస్త వేగంగా బయటికొస్తుంది, అంతే.

నేను టూల్ రూమ్‌లో పని నేర్చుకున్నాను. ఆ తర్వాత చాలా ఏళ్ళుగా ఇక్కడే విశాఖలో సెన్సార్ కాయిల్స్, చిన్న టెర్మినల్స్ చేస్తున్నాను. మీ ప్రశ్నలో ఉన్న సైజు వైరు రోజూ చేతిలో ఆడేదే కాబట్టి కాస్త పొడుగ్గానే రాస్తున్నాను.

ముందు ఆ 3 శాతం అంటే ఏమిటో చూద్దాం. 0.05 వైరు మీటరుకి సుమారు 8.7 ఓమ్‌లు ఉంటుంది, అదీ 20 డిగ్రీల దగ్గర. నిరోధం వైరు అడ్డుకోత మీద ఆధారపడుతుంది కాబట్టి, వ్యాసం ఒక్క మైక్రాన్ (మిల్లీమీటరులో వెయ్యో వంతు) తగ్గి 50 నుంచి 49 అయిందంటే నిరోధం 4 శాతం పెరుగుతుంది. అంటే వైరు తయారీలో ఒక్క మైక్రాన్ తేడా వచ్చినా మీ టాలరెన్స్, అంటే మీకు అనుమతించిన తేడా, మొత్తం అక్కడే ఖర్చయిపోయింది. ఇక చుట్టేటప్పుడు వైరు 2 శాతం సాగిందనుకోండి. పొడవు పెరిగింది, అదే లెక్కన సన్నబడింది కూడా. రెండూ కలిసి మళ్ళీ 4 శాతం. ఇక మూడోది వేడి. రాగి నిరోధం డిగ్రీకి సుమారు 0.39 శాతం చొప్పున పెరుగుతుంది. మే నెలలో మన షెడ్డులో 35 డిగ్రీలు, కస్టమర్ ల్యాబ్‌లో ఏసీ వేసి 25 డిగ్రీలు. ఆ పది డిగ్రీలకే 3.9 శాతం తేడా. కాయిల్‌లో ఏ లోపమూ లేకపోయినా లాట్ మొత్తం వెనక్కి రావచ్చు. ఎండాకాలంలో మాకు అలా వెనక్కొచ్చిన లాట్లని సాయంత్రం మళ్ళీ కొలిస్తే సరిగ్గానే ఉన్న సందర్భాలున్నాయి.

కాబట్టి మీరు మొదట కనిపెట్టాల్సింది చుట్టే పద్ధతి కాదండీ, కొలిచే పద్ధతి. ఈ మాట చెబితే చాలామందికి నిరుత్సాహంగా ఉంటుంది. కానీ నేను చూసినంతలో మంచి తయారీ పద్ధతులన్నీ మంచి కొలత దొరికాకే పుట్టాయి.

మామూలు మల్టీమీటర్ ప్రోబుల నిరోధమే 0.1 నుంచి 0.2 ఓమ్‌లు ఉంటుంది. ఒక మీటరు పొడవు వైరు కొలిస్తే వచ్చే 8.7 ఓమ్‌లలో 0.2 అంటే 2 శాతం పైనే. మీకున్న 3 శాతంలో అంత భాగం మీటరే తినేస్తే ఇక పని జరగదు. నాలుగు వైర్లతో కొలిచే మీటరు తీసుకోండి. రెండు వైర్లు కరెంటు పంపుతాయి, విడిగా ఇంకో రెండు వోల్టేజీ చూస్తాయి, కాబట్టి ప్రోబుల నిరోధం లెక్కలోకి రాదు. ఈ మీటర్లు ఇప్పుడు మన స్తోమతలోనే దొరుకుతున్నాయి.

వేడి సంగతికి ఏసీ గది కట్టక్కర్లేదు. మీ పక్కన ఒక మాస్టర్ కాయిల్ పెట్టుకోండి. అదే వైరుతో చుట్టి, ఒకసారి మంచి ల్యాబ్‌లో 20 డిగ్రీల దగ్గర విలువ రాయించి తెచ్చుకున్న కాయిల్. కొలవాల్సిన కాయిల్స్‌నీ దాన్నీ ఒకే ట్రేలో అరగంట ఉంచండి. తర్వాత ఓమ్‌లలో చదవకుండా మాస్టర్‌తో పోల్చి, దీనికన్నా ఎంత శాతం ఎక్కువ, ఎంత శాతం తక్కువ అని చూడండి. రెండూ రాగే, రెండూ ఒకే వేడిలో ఉన్నాయి కాబట్టి వేడి వల్ల వచ్చే తేడా కొట్టుకుపోతుంది. ఇదేమీ కొత్త విషయం కాదు. శామ్యూల్ హంటర్ క్రిస్టీ 1833లో వర్ణించి, 1843లో వీట్‌స్టన్ ప్రచారంలోకి తెచ్చిన బ్రిడ్జి సర్క్యూట్ చేసే పని ఇదే. పాలిటెక్నిక్ ల్యాబ్‌లో మీరూ చేసే ఉంటారు. పరీక్ష కోసం చదివి వదిలేసిన ఆ బ్రిడ్జి ఇలాంటి చోట అన్నం పెడుతుంది.

ఒక జాగ్రత్త. కాయిల్‌ని వేళ్ళతో పట్టుకుని కొలవకండి. గోరంత కాయిల్‌కి మన వేలి వేడి చాలు, మీటర్లో అంకె ఎక్కుతూ పోవడం కళ్ళారా చూడొచ్చు. ప్లాస్టిక్ పట్టకారుతో పెట్టి, అంకె నిలబడ్డాకే రాసుకోండి.

కొలత నమ్మకంగా ఉందో లేదో తేల్చుకునే పరీక్ష చాలా తేలిక. ఒక పది కాయిల్స్‌కి నంబర్లు వేసి, ఇద్దరు మనుషుల చేత విడివిడిగా, రెండు పూటలా కొలిపించండి. ఒకే కాయిల్‌కి వచ్చిన అంకెల మధ్య తేడా మీ టాలరెన్స్‌లో పదోవంతు లోపు ఉంటే ముందుకెళ్ళండి. లేకపోతే అక్కడే ఆగి కొలతని బాగుచేసుకోండి. ఈ దశలో తొందరపడితే తర్వాత మీరు చేసే ప్రతి ప్రయోగం అబద్ధమే చెబుతుంది.

ఇప్పుడు అసలు చుట్టడం. ఇక్కడ అన్నిటికన్నా ముఖ్యం టెన్షన్, అంటే వైరు మీద పడే లాగుడు. 0.05 వైరు సుమారు 20 గ్రాముల బరువుకే సాగడం మొదలుపెడుతుంది. అందులో సగం దగ్గర పని చేయాలి, అదీ చుట్టు మొదలైనప్పటి నుంచి చివరిదాకా ఒకేలా ఉండాలి. మోటార్ వైండింగ్ షాపుల్లో వేళ్ళ మధ్య గుడ్డ పెట్టి వైరు పట్టుకునే పద్ధతి ఈ సైజుకి పనికిరాదు. చెయ్యి ఎంత తిరిగినవాళ్ళయినా పొద్దున ఉన్న పట్టు సాయంత్రం ఉండదు.

మా దగ్గర మొదట్లో అందరిలాగే ఫెల్ట్ (ఒత్తిన ఉన్ని గుడ్డ) ముక్కల మధ్యనుంచి వైరు లాగే ఏర్పాటు ఉండేది. కాయిల్స్ నిరోధం ఊగిసలాడుతూ ఉండేది, కారణం తెలిసేది కాదు. అప్పుడు మా సెట్టర్ ఒకాయన ప్రతి కాయిల్‌కీ రిజిస్టర్ పెట్టాడు. టైము, స్పూల్ నంబరు, ఎవరు చుట్టారు, నిరోధం, అంతే నాలుగు గడులు. కొన్ని పేజీలు నిండాక గీత గీసి చూస్తే రెండు విషయాలు కొట్టొచ్చినట్టు కనిపించాయి. స్పూల్ మారిన చోటల్లా గీత మెట్టు ఎక్కినట్టు ఒక్కసారిగా ఎక్కుతోంది లేదా దిగుతోంది. అది వైరు వ్యాసంలో తేడా. రెండోది, జూలై ఆగస్టు పొద్దుటి పూటల్లో నిరోధం ఒక రకంగా ఉండి, మధ్యాహ్నానికి మెల్లగా జారుతోంది. అది ఫెల్ట్. మన సముద్రపు గాలి తేమకి ఫెల్ట్ ఉబ్బి వైరుని గట్టిగా పట్టుకుంటోంది, షెడ్డు వేడెక్కి ఆరాక వదులవుతోంది. వైరు సాగడం, సాగకపోవడం ఆ తేమ మీద ఆధారపడి జరుగుతోందన్నమాట.

రెండు జబ్బులకీ మందులు వేరు. అందుకే తేడా ఎక్కడ పుడుతోందో ముందు విడదీయమంటున్నాను.

ఫెల్ట్ తీసేసి, వైరుని బిగువుగా పట్టి ఉంచడానికి రాపిడి మీద ఆధారపడని బ్రేక్ పెట్టాం. అయస్కాంతంతో పనిచేసే బ్రేకుల్లో రెండు రకాలున్నాయి, తేడా తెలియక చాలామంది తప్పుది కొంటారు. అల్యూమినియం చక్రం పక్కన అయస్కాంతాలు పెట్టేది ఎడ్డీ కరెంట్ బ్రేక్. దాని పట్టు వేగంతో పాటు పెరుగుతుంది, ఆగితే పట్టే ఉండదు. మీ బాబిన్ (వైరు చుట్టే ప్లాస్టిక్ అచ్చు) గుండ్రంగా కాక నలుపలకగా ఉంటే ప్రతి మూల దగ్గరా వైరు వేగం మారుతుంది, దాంతో టెన్షన్ కూడా చుట్టుకి నాలుగుసార్లు ఊగుతుంది. రెండోది హిస్టరిసిస్ బ్రేక్. దాని పట్టు వేగం ఎంతున్నా దాదాపు ఒకేలా ఉంటుంది, ఏదీ దేనికీ రాసుకోదు కాబట్టి తేమతో పని లేదు. సన్న వైరుకి ఈ రెండోదే తీసుకోండి. దాని తర్వాత సన్నటి స్ప్రింగ్ స్టీలు తీగతో చేసిన తేలికైన చెయ్యి ఒకటి పెట్టి, వైరు దాని కొస మీదుగా వెళ్ళేలా చేస్తే మూలల దగ్గర వచ్చే చిన్న కుదుపుల్ని అది మింగేస్తుంది. ఆ చెయ్యి ఎంత తేలికైతే అంత మంచిది. బరువైన చెయ్యి కుదుపు వచ్చి వెళ్ళాక గానీ కదలదు.

వైరు తగిలే ప్రతి చోటా సెరామిక్ కన్నం వాడండి. స్టీలు కన్నంలో కొన్నాళ్ళకి వైరే గాడి కోస్తుంది, ఆ గాడి అంచు ఎనామెల్‌ని గీకుతుంది. అప్పుడు నిరోధం బాగానే ఉన్నా చుట్ల మధ్య షార్ట్ వస్తుంది. ఇంకో చిన్న విషయం: స్పూల్‌ని తిప్పుతూ వైరు లాగకండి. స్పూల్ నిలబెట్టి, పైకొస మీదుగా వైరు ఊడొచ్చేలా పెట్టండి. నిండు స్పూల్ బరువుగా ఉంటుంది, ఖాళీ అయ్యేకొద్దీ తేలికవుతుంది. తిరిగే స్పూల్ అయితే ఆ తేడా అంతా సన్న వైరు మీదే పడుతుంది.

టెన్షన్ సెట్ చేయడానికి బంగారం కొట్లో వాడే లాంటి చిన్న డిజిటల్ తూకం చాలు. పొద్దున పని మొదలెట్టేముందు, భోజనాలయ్యాక ఒకసారి చూసి రిజిస్టర్‌లో రాయండి.

ఇక స్పూల్ మారినప్పుడు వచ్చే మెట్టు. ఇది టెన్షన్‌తో పోదు, ఎందుకంటే తప్పు వైరులోనే ఉంది. ఇక్కడ మీరు కస్టమర్‌ని ఒక ప్రశ్న అడగాలి, ఇది మీ మొత్తం పద్ధతిని మార్చేస్తుంది: "మీకు చుట్ల సంఖ్య ముఖ్యమా, నిరోధం ముఖ్యమా?" ఇండక్టెన్స్ (కరెంటు మార్పుని కాయిల్ అడ్డుకునే గుణం) చుట్ల సంఖ్య వర్గంతో పెరుగుతుంది కాబట్టి, చుట్లు ఎన్ని కావాలో వాళ్ళకి గట్టిగా తెలిసే ఉంటుంది. కానీ చాలాసార్లు డ్రాయింగులో రెండిటికీ టాలరెన్స్ అలవాటుగా రాసేస్తారు. రెండిట్లో ఒకదాన్ని కొంచెం వదులు చేస్తామంటే మీ పని చాలా తేలికవుతుంది. నిరోధమే ముఖ్యమైతే, ప్రతి కొత్త స్పూల్ నుంచి మీటరు చొప్పున కొన్ని ముక్కలు తీసి మాస్టర్‌తో పోల్చి, ఆ స్పూల్‌కి ఎన్ని చుట్లు వేయాలో లెక్కగట్టి కౌంటర్‌లో పెట్టండి. చుట్లే ముఖ్యమైతే, నిరోధం కావలసినదానికన్నా తక్కువ వచ్చేలా కాస్త మందం వైపు ఉన్న స్పూళ్ళు ఏరుకుని చుట్టి, చివర్లో సిరీస్‌లో చిన్న రెసిస్టర్ కలిపి విలువకి తేవాలి. వైరుని కావాలని సాగదీసి నిరోధం సరిచేసే దారి కూడా ఉంది, చేసేవాళ్ళని చూశాను. నేను వద్దంటాను. ఎనామెల్‌లో కంటికి కనపడని పగుళ్ళు వస్తాయి, ఆర్నెల్ల తర్వాత ఫీల్డులో బయటపడతాయి.

ఈ "చివర్లో సరిచేయడం" అన్నదాని మీద కొంచెంసేపు ఆగుతాను. చిన్న భాగాల తయారీలో కనిపెట్టిన పద్ధతుల్లో నాకు బాగా నచ్చేవి ఇక్కడే ఉన్నాయి.

పాత కార్బన్ ఫిల్మ్ రెసిస్టర్ ఒకటి తీసుకుని పైన పెయింటు మెల్లగా గోకి చూడండి. సెరామిక్ కడ్డీ మీద నల్లటి పూత, దానిమీద స్క్రూ మరలాగా చుట్టూ కోసిన గాడి కనిపిస్తుంది. పూత మందాన్ని 5 శాతం లోపు పట్టుకోవడం కష్టం. అందుకని మొదట విలువ తక్కువ వచ్చేలా పూత వేస్తారు. తర్వాత మీటరు తగిలించి ఉంచే గాడి కోస్తూ పోతారు. కరెంటు దారి పొడవై నిరోధం పెరుగుతుంది, అనుకున్న అంకె రాగానే కోత ఆగుతుంది. ఫోన్ బోర్డు మీద ఉండే చిప్ రెసిస్టర్లదీ ఇదే కథ. పేస్టుని ప్రింట్ చేసి 850 డిగ్రీల దగ్గర కాల్చాక విలువలు బాగా అటూ ఇటూ ఉంటాయి. లేజర్‌తో చిన్న గాటు పెట్టి 1 శాతానికి తెస్తారు. గాటు పెడితే విలువ పెరుగుతుందే తప్ప తగ్గదు కాబట్టి, ముందే తక్కువ వైపు ప్రింట్ చేస్తారు. కూరలో ఉప్పు కాస్త తక్కువ వేసి, దించేముందు రుచి చూసి కలుపుకున్నట్టు.

క్వార్ట్జ్ క్రిస్టల్ ఇంకా గొప్పది. 10 మెగాహెర్ట్జ్ క్రిస్టల్ పలక మందం సుమారు 0.167 మిల్లీమీటర్లు. ఫ్రీక్వెన్సీ ఆ మందం మీద ఆధారపడుతుంది. పది లక్షల్లో 20 వంతుల లోపు తప్పు అంటే, మందంలో లెక్క వేస్తే 3 నానోమీటర్ల పైచిలుకు. పలకల్ని అరగదీసే ఏ మెషీనూ వేలకొద్దీ పలకల్ని అంత ఒకేలా అరగదీయలేదు. అందుకని దగ్గరదాకా అరగదీసి, క్రిస్టల్‌ని కంపిస్తూ ఉండగానే దాని ఎలక్ట్రోడ్ మీద లోహపు పూత కొద్దికొద్దిగా వేస్తారు. బరువు పెరిగేకొద్దీ ఫ్రీక్వెన్సీ దిగుతుంది. కావలసిన చోటికి రాగానే ఆపుతారు. ఇక్కడ తయారీ, కొలత విడివిడిగా లేవు. భాగం తన విలువ తానే చెబుతోంది, మనం ఆగమన్నప్పుడు ఆగుతున్నాం. చేతి గడియారాల్లో ఉండే 32,768 హెర్ట్జ్ క్రిస్టల్‌ని కూడా, దాని రెండు కొమ్ముల చివర ఉన్న లోహాన్ని లేజర్‌తో కొంచెం కొంచెం తీసేసి సరిచేస్తారు.

మీ కాయిల్‌కి ఇలాంటి చివరి సవరణ ఏది పెట్టగలరో ఆలోచించండి. సరైన భాగం పుట్టించే మెషీన్ కోసం వెతికే కంటే, దాదాపు సరైన భాగాన్ని సరిచేసే చివరి మెట్టు కనిపెట్టడం చాలా చవక. చిన్న షాపుల్లో కూడా కొత్త పద్ధతి పుట్టేది ఎక్కువగా ఇక్కడే అని నా నమ్మకం.

ఈ దారికి ఒక హద్దుంది. ప్రతిసారీ ఒకేలా వచ్చే తప్పుని లెక్కగట్టి తీసేయొచ్చు. ఒకసారి అటు, ఒకసారి ఇటు వచ్చే తప్పుని తీసేయలేం, దాని మూలాన్నే పట్టాలి. ఫెల్ట్ లాంటి గోల ఉండగా ఎంత తెలివైన సవరణ పెట్టినా వెంటపడి పరిగెత్తడమే అవుతుంది.

బాబిన్ పట్టుకునే ఫిక్చర్ గురించి. టూల్ రూమ్ మనిషిగా ఇది చెప్పకుండా ఉండలేను. చాలామంది బాబిన్ వెనకభాగం మొత్తం ఆనేలా వెడల్పాటి చదును ముఖం చేస్తారు, ఎక్కువ ఆనితే ఎక్కువ నిలకడ అని. ప్లాస్టిక్ పొట్టు ఒక్క కణం, ఒక వెంట్రుక ముక్క మధ్యలో పడితే చాలు, బాబిన్ వంకరగా కూర్చుంటుంది. వెంట్రుక మందం 70 మైక్రాన్ల దాకా ఉంటుంది. మీ వైరు కన్నా మందం! ఆనే ముఖాన్ని మూడు చిన్న బొడిపెలుగా చేయండి, మిగతాదంతా లోతుకి తీసేయండి. పొట్టు పడటానికి చోటు ఉంటుంది, ఆనే చోట మాత్రం పడే అవకాశం బాగా తగ్గుతుంది. కింద మూడు, పక్కన రెండు, చివర ఒకటి, మొత్తం ఆరు చోట్ల ఆనితే వస్తువు కదలకుండా నిలుస్తుందని డిప్లొమాలో చదివిందే. ఏడోది పెడితే అది మిగతావాటితో పోట్లాడుతుంది. లోపలి మూలల్ని కూడా చిన్న గాడితో తప్పించండి, బర్ (కోసిన అంచున మిగిలే లోహపు ముల్లు) ఎప్పుడూ అక్కడే దాక్కుంటుంది.

ఫిక్చర్ కొలతలకి కూడా వేడి వర్తిస్తుంది, భయపడేంత కాదు. పొడవుల కొలతకి 20 డిగ్రీలే ప్రామాణికం, 1931 నుంచి ప్రపంచమంతా అదే. 10 మిల్లీమీటర్ల స్టీలు 32 డిగ్రీల దగ్గర 1.4 మైక్రాన్లు పెరుగుతుంది. మీ బాబిన్ ప్లాస్టిక్‌ది, దాని టాలరెన్స్ ముందు ఇది లెక్కలోకి రాదు. ఏ తేడాకి ఖర్చు పెట్టాలో, దేన్ని వదిలేయాలో ఇలా లెక్క వేసుకునే తేల్చుకోండి.

వైరు కొసలు పిన్నుకి చుట్టి టంకం పెట్టేటప్పుడు రెండు జాగ్రత్తలు. పాలీయురెథేన్ ఎనామెల్ వైరు కొనండి. దాన్ని గీకక్కర్లేదు, 380 నుంచి 400 డిగ్రీల టంకంలో పూత దానంతట అదే పోతుంది. కానీ టంకంలోని తగరం రాగిని కరిగించుకుంటుంది. లావు వైరుకి అది తెలియదు గానీ, 0.05 వైరు కొన్ని సెకన్లు ఎక్కువ ఉంటే పిన్ను పక్కన సన్నబడిపోతుంది. పరీక్షలో పాసవుతుంది, వైబ్రేషన్‌కి తెగిపోతుంది. సీసం లేని టంకాల్లో తగరం ఎక్కువ, వేడీ ఎక్కువ, కాబట్టి ఈ బాధ ఇంకా ఎక్కువ. ముంచే సమయాన్ని మనిషి చేతికి వదలకుండా టైమర్‌తో పైకి లేచే ఏర్పాటు చేయండి. పిన్ను దగ్గర వైరుని బిగించకుండా కొంచెం వదులు ఉంచండి.

వైరు స్పూళ్ళని, పిన్నులని మూత ఉన్న డబ్బాలో సిలికా జెల్ వేసి దాచండి. మన ఊరి గాలికి పిన్నుల మెరుపు త్వరగా పోతుంది, ఆ తర్వాత టంకం పట్టదు.

కొన్నాళ్ళకి టెర్మినల్స్ (వైరు కొసలు కలిపే చిన్న లోహపు ముక్కలు) కూడా మీరే చేసుకోవాలనిపిస్తుంది. సన్న రేకు భాగాలకి వెంటనే డై, అంటే రేకుని కత్తిరించే అచ్చు, చేయించకండి. ఫెర్రిక్ క్లోరైడ్‌తో ఎచింగ్ (ఫిల్మ్ మీద గీసిన ఆకారం ప్రకారం రసాయనంతో రేకుని కరిగించి కోయడం) చేయిస్తే బర్ ఉండదు, రేకులో ఒత్తిడీ ఉండదు. డిజైన్ మారితే ఫిల్మ్ మారిస్తే సరిపోతుంది. ఎచింగ్ పక్కలకి కూడా తింటుంది, కానీ దాదాపు ఒకేలా తింటుంది కాబట్టి ఫిల్మ్ మీదే ఆ మేరకు కలిపి గీయొచ్చు. ఆర్డరు లక్షల్లోకి వెళ్ళాక డై మాట ఆలోచించండి.

పేటెంట్ సంగతి. తయారీ పద్ధతికి మన దేశంలో పేటెంట్ వస్తుంది. కొత్తదై ఉండాలి, ఆ పని తెలిసినవాడికి ఇట్టే తట్టేది కాకూడదు, పరిశ్రమలో వాడగలిగేదై ఉండాలి. నేను పైన రాసిన బ్రేకు, మాస్టర్ కాయిల్ లాంటివి అందరికీ తెలిసినవే, వాటికి రాదు. వాటి మీద మీరు కట్టే ఫలానా సవరణ మెట్టుకి రావచ్చు. గడువు 20 ఏళ్ళు. మన రాష్ట్రం చెన్నై పేటెంట్ ఆఫీసు పరిధిలోకి వస్తుంది, అప్లికేషన్ ఆన్‌లైన్‌లోనే పెట్టొచ్చు. పద్ధతి ఇంకా పూర్తిగా కుదరకపోతే ముందు ప్రొవిజనల్ (తాత్కాలిక) అప్లికేషన్ పెట్టి తేదీ సంపాదించుకోండి. పూర్తి వివరాలు ఇవ్వడానికి 12 నెలలుంటాయి. ఆ తేదీ రాకముందు ఎగ్జిబిషన్లో చూపించడం, వీడియో పెట్టడం, ఇలాంటి చోట వివరంగా రాయడం చేయకండి. మీరే బయటపెట్టిన విషయం మీ అప్లికేషన్‌కే అడ్డం పడుతుంది. కస్టమర్‌కి చూపించాల్సి వస్తే గోప్యత ఒప్పందం మీద సంతకం తీసుకున్నాకే చూపించండి.

పేటెంట్ తీసుకోవాలా, రహస్యంగా ఉంచుకోవాలా అన్నదానికి నేను వాడే కొలబద్ద ఇది: మీ కాయిల్ కొని విప్పి చూసినవాడికి పద్ధతి తెలిసిపోతుందా? తెలిసిపోయేదైతే పేటెంట్ పెట్టండి. చుట్టే టెన్షన్, టంకం టైము లాంటివి విప్పి చూసినా తెలియవు. వాటిని పేటెంట్‌లో రాస్తే అప్లికేషన్ ప్రచురించగానే అందరికీ మీరే నేర్పినట్టవుతుంది. పైగా పక్క షెడ్డులో ఎవరైనా అదే చేస్తున్నారని రుజువు చేయడం చాలా కష్టం. పద్ధతి పేటెంట్ ఉన్నవాళ్ళకి చట్టంలో కొంత వెసులుబాటు ఉంది. కొన్ని పరిస్థితుల్లో తాను వేరే పద్ధతి వాడుతున్నానని ఎదుటివాడే చూపించుకోవాలని కోర్టు అడగొచ్చు. అయినా కోర్టు దాకా వెళ్ళే ఓపిక, డబ్బు మనకుండాలి కదా.

సాయం ఎక్కడ దొరుకుతుందంటే, విశాఖ దగ్గర పూడిలో చిన్న పరిశ్రమల కోసం ఎంఎస్ఎంఈ టెక్నాలజీ సెంటర్ ఉంది, ఫిక్చర్లు, చిన్న మెషీనింగ్ పనులకి అక్కడ అడగండి. మెటీరియల్స్ గురించి పెద్ద సందేహమొస్తే హైదరాబాద్ చర్లపల్లిలో సీ-మెట్ ఉంది, ఎలక్ట్రానిక్స్‌కి వాడే పదార్థాల మీదే పనిచేసే సంస్థ. వీటన్నిటికన్నా ముందు ఒక మనిషిని వెతకండి. డాక్‌యార్డ్‌లోనో, షిప్‌యార్డ్‌లోనో, నౌకాదళ పరిశోధన సంస్థ ఎన్‌ఎస్‌టీఎల్‌లోనో ఇన్‌స్ట్రుమెంట్ పని చేసి రిటైరైన వాళ్ళు మల్కాపురం, శ్రీహరిపురం, గోపాలపట్నం వైపు చాలామంది ఉన్నారు. మీటర్లు బాగుచేసిన చేతులు, కొలతంటే ప్రాణం పెట్టే మనుషులు. వారానికి రెండు పూటలు వచ్చి కూర్చోమని అడగండి. నా పనిలో సగం మెరుగు అలాంటి ఒక పెద్దాయన పక్కన కూర్చుని నేర్చుకున్నదే.

వచ్చే వారం మీరు చేయగలిగినది: నాలుగు వైర్ల మీటరు ఒకటి, ఒకే సైజు వైరు స్పూళ్ళు మూడు వేర్వేరు లాట్లవి తెచ్చుకోండి. ఒక్కో స్పూల్ నుంచి మీటరు పొడవు ముక్కలు తీసి కొలిచి తేడా చూడండి. తర్వాత ఉన్న ఏర్పాటుతోనే, ఒకే స్పూల్ నుంచి వరసగా కాయిల్స్ చుట్టి రిజిస్టర్ పెట్టండి. స్పూళ్ళ మధ్య తేడా పెద్దదా, ఒకే స్పూల్ కాయిల్స్ మధ్య తేడా పెద్దదా అన్నది తేలితే, టెన్షన్ మీద ముందు పని చేయాలా, సవరణ మెట్టు మీదా అన్నది తేలుతుంది. ఆ అంకెలు, బాబిన్ గుండ్రమో నలుపలకో, చుట్ల టాలరెన్స్ గురించి కస్టమర్ ఏమన్నారో ఇక్కడ రాయండి. డ్రాయింగు మాత్రం పెట్టకండి, అది కస్టమర్‌ది. అంకెలు చూశాక తర్వాతి మెట్టు చెబుతాను.